సగం సున్న

ఫ్రిజ్ తలుపుకు చేప బొమ్మ అయస్కాంతంతో రెండు కాగితాలు అంటించి ఉన్నాయి. పోయిన నెలది అమ్మమ్మది, ఈ నెలది నాయనమ్మది. అమ్మమ్మ కాగితం నిండా వరస తప్పని గుండ్రటి అక్షరాలు. నాయనమ్మ కాగితంలో అక్షరం ముక్క లేదు. పిల్లాడు గిన్నె ఖాళీ చేస్తే నిండు సున్న, సగం తింటే సగం సున్న, ఉమ్మేస్తే చుక్క. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ళు ఆమె దుప్పట్ల మూటల మీద పెట్టిన గుర్తులూ ఇలాంటివే. ఒక వార్డు మూట ఇంకో వార్డుకు పోయిందన్న మాట ఏనాడూ పడలేదు.

ఈ నెల మొత్తానికి నిండు సున్నలు నాలుగే ఉన్నాయి.

బుడ్డోడికి పదహారు నెలలు. రెండు నెలలుగా బరువు పెరగడం లేదు. రోజూ ఎంత తింటున్నాడో రాసిపెట్టి శనివారం ఆ కాగితాలు తీసుకురమ్మని పిల్లల డాక్టరమ్మ చెప్పింది. కోడలిది కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం, కొడుకుది లిఫ్టులు బాగుచేసే పని. పిల్లాడిని ఒక నెల ఈ వియ్యపురాలు, ఒక నెల ఆ వియ్యపురాలు చూస్తారు. మామూలుగా ఒకరు సంచి దించిన పూటే ఇంకొకరు సంచి ఎత్తుకుంటారు. ఈసారి డాక్టరు దగ్గరికి ఇద్దరూ ఉంటే మంచిదని కోడలు తన తల్లిని బుధవారమే రమ్మంది. నాయనమ్మ ప్రయాణం ఆదివారం.

బుధవారం పది గంటలకు అమ్మమ్మ నాలుగంతస్తులూ మెట్లెక్కి వచ్చింది. లిఫ్టులు బాగుచేసేవాడు ఉన్న బిల్డింగులోనే లిఫ్టు పనిచేయదు. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి ఆమెను అందరూ టీచరమ్మ అనే అంటారు. ఎదురుగా ‘వదినా’ అన్నా, మనసులో నాయనమ్మకు కూడా ఆమె టీచరమ్మే. తలుపు తీసేసరికి బుడ్డోడు నాయనమ్మ చంకలో ఉన్నాడు. ఆవిడను చూడగానే రెండు చేతులూ చాచి, గట్టు మీదనుంచి కప్ప దూకినట్టు దూకాడు.

“మమ్మమ్మ” అన్నాడు.

నాయనమ్మను వాడు ‘న్నా’ అంటాడు. వీధిలో కుక్కను చూసినా ‘న్నా’ అనే అంటాడు.

వాడు కూర్చున్నంత మేర చీర వెచ్చగా, కాస్త తడిగా ఉంది. గాలి తగిలి అది చల్లబడుతుంటే నాయనమ్మ అక్కడే నిలబడి టీచరమ్మను పైనుంచి కిందికి చూసింది. జాకెట్టు చేతులు దండలకు బిగుసుకుపోయి ఉన్నాయి. కూతురింటి నీళ్ళు బాగానే ఒంటపట్టాయి అనుకుంది. పైకి మాత్రం, ప్రయాణం బాగా జరిగిందా వదినా అని అడిగి మంచినీళ్ళిచ్చింది.

స్నానమయ్యాక నాయనమ్మ రోజూలాగే పాత దుప్పటి రెండు మడతలు వేసి హాల్లో పరిచింది. బుడ్డోడు పరుగున వచ్చి దాని మధ్యలో కూలబడ్డాడు. ఆమె రెండు కొసలూ పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ, సోఫా చుట్టూ, బల్ల పక్కగా, వంటింటి గుమ్మం దాకా లాగింది. లాండ్రీలో తడి బట్టల మూటలు ఇలాగే లాగేవాళ్ళు. మలుపు తిరిగినప్పుడల్లా వాడు ఎక్కిళ్ళు వచ్చేలా నవ్వాడు. టీచరమ్మ ఊరినుంచి తెచ్చిన కొత్త పుస్తకం చేతిలో పట్టుకుని సోఫా అంచున కూర్చుంది. పేజీ నొక్కితే పాట వస్తుంది. రెండుసార్లు నొక్కింది. పాట వచ్చింది గాని పిల్లాడు తల తిప్పలేదు.

“పడతాడేమో వదినా” అంది చివరికి.

“నెల రోజుల్నించి పడలేదులే వదినా” అంది నాయనమ్మ, ఇంకో చుట్టు తిప్పుతూ.

తిండి పూటలు కోడలే పంచింది. పొద్దుటిది, సాయంత్రానిది నాయనమ్మది, మధ్యాహ్నానిది టీచరమ్మది. ఆ రోజు నాయనమ్మ పెట్టిన రెండు పూటలకూ ఒక సగం సున్నా, ఒక చుక్కా పడ్డాయి. పనినుంచి వచ్చిన కోడలు చెప్పులు విడుస్తూనే ఫ్రిజ్ వైపు నడిచింది. బ్యాగు ఇంకా భుజానే ఉంది. టీచరమ్మ మధ్యాహ్నం రాసిన గళ్ళో వేలు పెట్టి పైకి చదివింది. అంతా తిన్నాడు, నవ్వుతూ తిన్నాడు.

“అమ్మ పెడితే బానే తింటాడు” అంది. ఎవరినీ తప్పు పట్టి అన్న మాట కాదు. వాన పడుతోంది అన్నట్టు అంది. నాయనమ్మ మాత్రం ఆ మాటను బియ్యంలో రాయిలా పంటి కింద పెట్టుకునే పడుకుంది.

గురువారం పొద్దున్న నాయనమ్మ పాలు తీసుకురావడానికి కిందికి వెళ్ళి వచ్చేసరికి హాల్లో దుప్పటి పరిచి ఉంది. బుడ్డోడు మధ్యలో కూర్చుని ‘ఊ, ఊ’ అని తొందరపెడుతున్నాడు. టీచరమ్మ ఒక చేత్తో నడుము, ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడి ఉంది. దుప్పటి జానెడు దూరం కూడా కదల్లేదు. నడుము వంచి చేతుల బలంతో లాగబోయింది, పట్టేసింది. మోకాళ్ళు వంచి, ఒంటి బరువును వెనక్కి వేస్తే పిల్లాడు కాదు, పెద్దవాడైనా కదులుతాడు. లాండ్రీలో మొదటి రోజే నేర్పే పని అది. నాయనమ్మ ఆ మాట చెప్పొచ్చు. చెప్పలేదు. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చి, జాలిగా “జాగ్రత్త వదినా, ఈ వయసులో మనకెందుకు” అంది. వాళ్ళిద్దరిదీ ఒకే వయసు.

ఆ మధ్యాహ్నం నాయనమ్మ బాల్కనీలో ఆరిన బట్టలు మడత పెడుతోంది. కిటికీ అద్దంలో వంటింటి మూల అంతా కనిపిస్తుంది. టీచరమ్మ బుడ్డోడిని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ఉడికించి మెదిపిన క్యారెట్, బంగాళాదుంప చెంచాతో అందిస్తోంది. ఒక చెంచా లోపలికి పోయింది. రెండోది బుగ్గలో ఆగింది. మూడోదానికి వాడు పెదాలు బిగించి తల అటూ ఇటూ ఆడించాడు. నాలుగోది చెంచాతో సహా నేల మీద పడింది. అది పడిన చప్పుడు వాడికి నచ్చింది.

“అదిగో నా బంగారు కొండ, ఇంకొక్కటే, అయిపోయింది” అంటోంది టీచరమ్మ, బాల్కనీదాకా వినపడేలా. గిన్నెలో సగానికి పైగా అలాగే ఉంది.

తర్వాత ఆవిడ హాలు వైపు ఒకసారి చూసింది. గిన్నె తీసుకుని సింకు దగ్గర గోడ వైపు తిరిగి, గబగబా నాలుగైదు చెంచాలు తన నోట్లో వేసుకుంది. నమలలేదు, మింగేసింది. కొంగుతో మూతి తుడుచుకుని, గిన్నె గీకి, కడిగి బోర్లించింది. ఆ తర్వాత పెన్ను తీసుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. నాయనమ్మకు చదువు రాదు. కానీ ఆ వరస ఎంత పొడుగుంటుందో, చివర్లో ఎక్కడ ఒంపు తిరుగుతుందో నెల రోజులుగా రోజూ చూసి చూసి కంఠతా వచ్చేసింది. ఇవాళా అదే పొడుగు, అదే ఒంపు.

చేతిలో ఉన్న పిల్లాడి లాగును ఆమె మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. కాలిన చోట చల్లటి నీళ్ళు పోసినట్టుంది లోపల. అంటే వాడు తన చేత్తోనే కాదు, ఎవరి చేత్తోనూ తినడం లేదు. దానికి ఏడవాలి. ఆమెకు మాత్రం నవ్వొచ్చింది.

సాయంత్రం కోడలు వస్తే చెప్పేద్దామనుకుంది. కోడలు రావడం, చెప్పులు విడుస్తూనే ఫ్రిజ్ దగ్గరికి పోవడం, కాగితం చదివి “హమ్మయ్య” అనడం అన్నీ అయ్యాయి. నాయనమ్మ నోరు తెరిచింది. అప్పుడు ఆమెకు ఇంకో సంగతి తట్టింది. తన మాటకూ టీచరమ్మ రాతకూ పోటీ పెడితే ఎవరిది నిలుస్తుంది? కడుపుమంటతో కల్పించి చెబుతోంది అంటారు. కడుపుమంట ఉన్న మాట నిజమే గదా, కాదని ఎలా అంటుంది? తెరిచిన నోటితో, టీ పెట్టనా అని అడిగింది.

టీ పోస్తుంటే పడకగదిలో కొడుకు, కోడలు మాట్లాడుకుంటున్న మాటలు వినిపించాయి. అత్తయ్యగారి దగ్గర తింటున్నాడు కాబట్టి ఇకనుంచి ఆవిడనే ఉండమందాం అంటున్నాడు కొడుకు. డాక్టరు చూశాక నిర్ణయిద్దాం అంటోంది కోడలు. నాయనమ్మ చేతిలో గ్లాసు నిండి బల్ల మీద పొర్లింది.

శుక్రవారం పొద్దున్న పనికి వెళ్తూ కొడుకు గుమ్మంలో ఆగాడు. బూటు తాడు కట్టుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

“నీకు మోకాళ్ళ నొప్పులు కదమ్మా. నెలకోసారి ఇన్ని మెట్లు ఎక్కడం, దిగడం ఎందుకు? ఊళ్ళో హాయిగా ఉండు. చూడాలనిపిస్తే ఫోన్లో చూడొచ్చు.”

“నా మోకాళ్ళు నిన్నేమైనా అడిగాయిరా?” అంది నాయనమ్మ.

వాడు నవ్వేసి వెళ్ళిపోయాడు. తాడు ఒకే బూటుకు కట్టాడని కింద దాకా వెళ్ళాక చూసుకుని ఉంటాడు.

ఆ పూట బుడ్డోడు నాలుగు ముద్దలు తిన్నాడు. అందులో రెండు ఉడత జామకాయ దాచుకున్నట్టు రెండు బుగ్గల్లో దాచాడు. నాయనమ్మ వాడి గడ్డం కింద నిమిరింది, పాట పాడింది, కాకిని చూపించింది. కాకి వచ్చింది, పోయింది, ముద్ద మాత్రం లోపలికి పోలేదు. ఆమె గిన్నె వైపు చూసింది. హాలు వైపు చూసింది. టీచరమ్మ స్నానాలగదిలో ఉంది. నాయనమ్మ సింకు దగ్గర గోడ వైపు తిరిగి నిలబడి, మిగిలింది నోట్లో వేసుకుంది. ఉప్పు లేదు, కారం లేదు, నమలడానికి ఏమీ లేదు. నాలుక మీద అలా పరుచుకుపోయింది. టీచరమ్మ నమలకుండా ఎందుకు మింగిందో అప్పుడు తెలిసింది.

పెన్ను తీసుకుని గళ్ళో సున్న చుట్టింది. ఇరవై ఆరేళ్ళలో తప్పుడు గుర్తు పెట్టడం ఇదే మొదలు. ఆ సున్న కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది.

తల తుడుచుకుంటూ వచ్చిన టీచరమ్మ ఫ్రిజ్‌లోంచి సీసా తీయబోతూ ఆ గుర్తు చూసింది. కడిగి బోర్లించిన గిన్నెను చూసింది. నాయనమ్మ మూతి వైపు చూసింది.

“పర్లేదే వదినా. ఇవాళ బాగా తిన్నట్టున్నాడు.”

“తిన్నాడు వదినా. నవ్వుతూ తిన్నాడు.”

టీచరమ్మ నీళ్ళు తాగింది. నాయనమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. ఆ వంటింట్లో అలాంటి దొంగలు ఇద్దరు నిలబడి ఉన్నారు. మధ్యాహ్నం టీచరమ్మ గళ్ళో అదే పొడుగు వరస పడింది. సాయంత్రం, మర్నాడు పొద్దున్న నాయనమ్మ గళ్ళలో నిండు సున్నలు పడ్డాయి. అవి గుండ్రంగానే వచ్చాయి. అలవాటు కావడానికి ఒక్క రోజు చాలింది.

శనివారం డాక్టరమ్మ గదిలో బుడ్డోడిని బట్టలు తీసి బరువు తూచారు. తొమ్మిది కిలోల రెండొందలు. రెండు నెలల కిందటా అంతే. డాక్టరమ్మ కాగితాలు ముందుకు, వెనక్కి తిప్పింది. కోడలు కుర్చీ అంచున కూర్చుంది, ఒళ్ళో పిల్లాడు. వియ్యపురాళ్ళిద్దరూ గోడవారన బెంచీ మీద, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నారు.

పోయిన నెలంతా మధ్యాహ్నం, సాయంత్రం అని లేకుండా కడుపునిండా తిన్నట్టుంది అంది డాక్టరమ్మ. ఈ నెల కొంచెం తగ్గినా, నిన్నటినుంచి మళ్ళీ నిండా తింటున్నాడు. ఇంత తిని వంద గ్రాములు కూడా పెరగలేదంటే ఒంట్లో ఎక్కడో తేడా ఉంది. రక్తం తీసి పరీక్షలు చేయిద్దాం, వాటిని బట్టి తర్వాతి సంగతి చూద్దాం. కోడలి ముఖం పాలిపోయింది. ఏం తేడా అయి ఉంటుందని రెండుసార్లు అడిగింది. నర్సు వచ్చి బుడ్డోడి చెయ్యి చాపి, మోచేతి మడతలో వేలితో నొక్కి నరం కోసం వెతికింది. దొరకలేదు. ఇంకో చెయ్యి చాపింది. అప్పటిదాకా బల్ల మీది స్టాంపు కేసి చూస్తున్న వాడు నర్సును చూసి పెదవి విరిచాడు. చుట్టూ చూసి, బెంచీ వైపు చేతులు చాచాడు. ఎవరి కోసమో తెలియకుండా ఇద్దరి మధ్యకు చాచాడు.

నాయనమ్మ లేచి నిలబడింది.

“ఒక్క మాటమ్మా” అంది డాక్టరమ్మతో. “నిన్న రెండు పూటలూ, ఇవాళ పొద్దున్నా నేను పెట్టిన సున్నలు అబద్ధం. వాడు నాలుగు ముద్దలు కూడా తినలేదు. మిగతాది నేను తినేశాను.”

కోడలు తల తిప్పింది.

“ఎందుకు?” అంది డాక్టరమ్మ.

“నా దగ్గర తినడం లేదని, ఇక నన్ను రావద్దంటారని.” నాయనమ్మ తన చేతుల వైపు చూసుకుంది. “అంతకు ముందువన్నీ నిజమేనమ్మా. చుక్కలన్నీ నిజమే.”

డాక్టరమ్మ కింది కాగితం పైకి తీసింది. “మరి పోయిన నెలది?”

నాయనమ్మ టీచరమ్మ వైపు చూడలేదు. చూడకూడదనే గోడ మీద గడియారం వైపు చూసింది. చెప్పాలనుకుంటే ఇదే అదను. రెండు రోజులుగా ఆ మాట నాలుక చివరే కూర్చుని ఉంది.

“అప్పుడు నేను లేనమ్మా. నాకు తెలియదు” అంది.

టీచరమ్మ నెమ్మదిగా లేచింది. ఆవిడ లేచిన తీరు, హోంవర్కు చేయని పిల్ల బెంచీలోంచి లేచినట్టుంది.

“నేనున్నాను” అంది. “దాంట్లో సగానికి పైగా నేనే తిన్నాను. రెండు కిలోలు పెరిగాను.”

ముందు నర్సు నవ్వింది. డాక్టరమ్మ పెదాలు బిగబట్టుకుంది గాని ఆగలేదు. అయితే పిల్లాడి బరువు ఎక్కడికి పోయిందో తెలిసిందన్న మాట అంది. కోడలు మాత్రం నవ్వలేదు. టీచరమ్మ కూడా నవ్వలేదు. ఆవిడ కూతురితో కాదు, డాక్టరమ్మతోనూ కాదు, నాయనమ్మతో మాట్లాడుతోంది.

“మీరు వెళ్ళిన మర్నాటినుంచి వాడు ఆ దుప్పటి పట్టుకుని తలుపు దగ్గర కూర్చుంటాడు వదినా. చెంచా పెడితే తోసేస్తాడు. వారం పది రోజులు ఇదే తంతు. ముప్ఫై ఏళ్ళు ఊరి పిల్లలందరికీ బుద్ధులు చెప్పినదాన్ని, ఇంట్లో పిల్లాడికి ఒక ముద్ద పెట్టలేకపోయానని ఏ నోటితో చెప్పను? అలా రాసేశాను.”

నాయనమ్మకు ఆ మాటలు తీయగా ఉండాలి. తలుపు దగ్గర దుప్పటి పట్టుకుని కూర్చున్న బుడ్డోడు కళ్ళకు కట్టేసరికి ఆ తీపి తెలియలేదు.

సూది మళ్ళీ ట్రేలోకి వెళ్ళిపోయింది. ఇంకో నెల చూద్దాం అంది డాక్టరమ్మ. చెంచాతో కుక్కవద్దు, గిన్నె వాడి ముందు పెట్టండి, వాడి చేత్తో వాడు తింటాడు, పూస్తాడు, పారేస్తాడు, ఇరవై నిమిషాలు చూసి తీసేయండి అంది. వాళ్ళు లేచేముందు నాయనమ్మ గుర్తుల కాగితం మీద వేలు పెట్టి, ఇద్దరూ ఇవే పెట్టండి, చూడగానే తెలుస్తోంది అంది.

ఇంటికి తిరిగొచ్చి మెట్లెక్కుతూ కోడలు మూడో అంతస్తులో ఆగి, పిల్లాడిని దించి, గోడకు ఆనుకుంది. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే వాడి చేతిలో సూది దిగేది అంది. అంతే అంది. మిగతా మెట్లు ఎక్కి తాళం తీసి, లోపలికి వెళ్ళి బాత్రూమ్ తలుపు వేసుకుంది. పంపు చాలాసేపు మోగింది. బయటికి వచ్చాక కాగితం వైపు చూడలేదు. పిల్లాడిని ఒళ్ళో పడుకోబెట్టుకుని బుగ్గలో వేలు పెట్టి చూసింది. పొద్దుటి ముద్ద ఇంకా అక్కడే ఉంది. అది తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. సాయంత్రం కొడుకుతో, నెలకొకరు వచ్చే పద్ధతి మార్చేది లేదని గట్టిగానే చెప్పింది. నీ బూట్ల తాళ్ళు నువ్వు చూసుకో అని కూడా అంది.

ఆదివారం మధ్యాహ్నం నాయనమ్మ సంచి సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టింది. రెండు గంటల బస్సు. ఆ పూట టీచరమ్మది. ఆవిడ బుడ్డోడి ముందు గిన్నె పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ముట్టుకోకుండా ఉండడానికి అదొక్కటే మార్గంలా ఉంది. వాడు గిన్నెలో చెయ్యి పెట్టాడు. చెయ్యి తలకు పూసుకున్నాడు. మిగతాది కుర్చీ పలకకు పూశాడు. గిన్నె బోర్లించి దాని మీద దరువేశాడు. ఇరవై నిమిషాలూ గడిచాయి. నోట్లోకి పోయింది ఏమీ లేదు.

టీచరమ్మ కుర్చీ తుడిచి, పిల్లాడిని తుడిచి, పెన్ను తీసుకుని, ఫ్రిజ్‌కు కొత్తగా అంటించిన తన కాగితం ముందు నిలబడింది.

“ఉమ్మేస్తే చుక్క అన్నారు. అసలు తినకపోయినా చుక్కేనా వదినా?”

“చుక్కే.”

ఆవిడ చుక్క పెట్టింది. ఎర్రపెన్నుతో తప్పులు దిద్దిన చెయ్యి కదా, గట్టిగా నొక్కి పెట్టింది. ఆ చుక్క కోసం నాయనమ్మ ఎన్ని రోజులుగా కాచుకుని ఉందో ఆ భగవంతుడికే తెలియాలి. టీచరమ్మ కాగితంలో, టీచరమ్మ చేత్తో, చుక్క. ఆమె దాన్ని చూస్తూ నిలబడింది. మనసులో సంతోషం కోసం వెతుక్కుంది. తగిలింది ఒకే ఒక్క మాట, పిల్లాడు ఈ పూట ఏమీ తినలేదు.

గడియారం చూసింది. నాలుగు గంటలకు ఇంకో బస్సు ఉంది. సంచి మళ్ళీ లోపల పెట్టి, అలమరలోంచి పాత దుప్పటి తీసి, రెండు మడతలు వేసి హాల్లో పరిచింది. బుడ్డోడు పరుగున వచ్చి మధ్యలో కూలబడ్డాడు. నాయనమ్మ వాడి చేతిలో అరటిపండు ముక్క పెట్టింది. పెట్టి, దుప్పటి కొసలు తను పట్టుకోలేదు. టీచరమ్మ చేతులకు అందించింది.

“నడుముతో కాదు వదినా. మోకాళ్ళు వంచండి. ఆఁ. ఇప్పుడు చేతులు వదులుగా ఉంచి, మీ బరువు వెనక్కి వేయండి. వాడిని మీరు లాగొద్దు, మీరు వెనక్కి వెళ్ళండి, వాడే వస్తాడు.”

మొదటిసారి జానెడు కదిలింది. రెండోసారి మూరెడు. మూడోసారికి టీచరమ్మ సోఫా మలుపు తిరిగింది. బుడ్డోడు ఎక్కిళ్ళు వచ్చేలా నవ్వాడు. నవ్వుతూనే చేతిలో ఉన్నది కొరికాడు. కొరికింది మింగాడో, బుగ్గలో పెట్టుకున్నాడో చూడాలనిపించింది నాయనమ్మకు. చూడలేదు.

వాడు టీచరమ్మ వైపు చేతులూపుతూ “న్నా” అన్నాడు. ఎవరిని అన్నాడో ఇద్దరికీ తెలియలేదు. ఇద్దరూ అడగలేదు.

మూడున్నరకు నాయనమ్మ చప్పుడు కాకుండా తలుపు వేసి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. ప్రతిసారీ వాడి ఏడుపు ఆమె వెనకే కింద వీధి దాకా వచ్చేది. ఆ ఏడుపు వింటూ బాధపడుతూ, ఆ బాధనే బస్సు దిగేదాకా దాచుకునేది. ఇవాళ మూడో అంతస్తులో ఆగింది. పైనుంచి నేల మీద దుప్పటి జారుతున్న చప్పుడు, మధ్య మధ్య నవ్వు. ఏడుపు లేదు.

మంచిదే అనుకుంది. రెండో అంతస్తులో మళ్ళీ ఆగి, కాస్త చెవి పెట్టింది.